డాక్టరు ఫీజు అడగని నేల

*కెనడా ఆసుపత్రుల్లో గంటల తరబడి పడిగాపుల గురించి అక్కడా ఇక్కడా చర్చ నడుస్తోంది. డబ్బున్నవాళ్లకు వేరే క్యూ పెడితే తప్పేమిటని అడిగేవాళ్లు పెరిగారు. ఆ క్యూ ఒక్కటే ఉండాలని పట్టుబట్టిన మనిషి పేరు టామీ డగ్లస్. 17 ఏళ్లు ఓ పేద రాష్ట్రాన్ని ఏలి, దేశం మొత్తానికీ వైద్యం నేర్పిన నాయకుడు. ఆయన కథే ఈ వారం ముఖచిత్ర కథనం.*

1962 జులై 1, ఆదివారం. కెనడా జాతీయ దినం. సస్కాచెవాన్ రాష్ట్రంలో ఊరూరా ఊరేగింపులు జరగాల్సిన పూట. ఆ ఉదయం క్లినిక్కులన్నీ మూసి ఉన్నాయి. తలుపులకు నోటీసులు అంటించి ఉన్నాయి. కొందరు డాక్టర్లు కుటుంబాలతో సహా రాష్ట్రం దాటి వెళ్లిపోయారు. ఎంపిక చేసిన కొన్ని ఆసుపత్రుల్లో మాత్రం అత్యవసర కేసులు చూసేందుకు కొద్దిమంది మిగిలారు. ఆ రోజే, డాక్టరు కోసం కారులో ఊళ్లు తిరిగిన ఓ కుటుంబంలో పసిబిడ్డ ప్రాణం పోయిందన్న వార్త రాష్ట్రమంతా పాకింది. రాజధాని రెజైనాలో అమెరికా, బ్రిటన్ పత్రికల విలేకరులు దిగారు. బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించేందుకు ప్రభుత్వం ఆదరాబాదరాగా ఏర్పాట్లు చేస్తోంది.

ఇదంతా ఎందుకంటే, ఆ రోజు నుంచి సస్కాచెవాన్‌లో జబ్బు చేసిన ఏ మనిషీ డాక్టరుకు ఫీజు చెల్లించక్కర్లేదు. బిల్లు ప్రభుత్వానికి వెళుతుంది. ఉత్తర అమెరికా ఖండంలో అంతకుముందు ఏ ప్రభుత్వమూ ఆ పని చేయలేదు. దాదాపు 900 మంది డాక్టర్లున్న ఆ రాష్ట్రంలో అత్యధికులు దానికి నిరసనగా సమ్మె కట్టారు.

ఆ పథకాన్ని కలగన్నవాడు, రూపుకట్టినవాడు ఆ రోజు అధికారంలో లేడు. ఎనిమిది నెలల కిందటే ప్రీమియర్ పదవి (మన ముఖ్యమంత్రి పదవి లాంటిది) వదిలి దేశ రాజకీయాల్లోకి వెళ్లాడు. పట్టుమని రెండు వారాల కిందట, జూన్ 18న, రెజైనా నుంచి పార్లమెంటుకు పోటీ చేసి ఘోరంగా ఓడిపోయాడు. 17 ఏళ్లు తనను నెత్తిన పెట్టుకున్న జనమే ఓడించారు. కారణం ఈ పథకం మీద ఊరూరా రగిలించిన భయం.

42 ఏళ్ల తర్వాత, 2004లో, కెనడా జాతీయ ప్రసార సంస్థ సి.బి.సి. ‘అందరిలోకీ గొప్ప కెనడియన్ ఎవరు?’ అని దేశ ప్రజలను అడిగింది. 12 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. ప్రధానులు, శాస్త్రవేత్తలు, హాకీ వీరులు అందరినీ దాటి మొదటి స్థానంలో నిలిచింది ఈ ఓడిపోయిన మనిషే.

కాలు తీసేయాలన్నారు

థామస్ క్లెమెంట్ డగ్లస్ 1904 అక్టోబర్ 20న స్కాట్లండ్‌లోని ఫాల్‌కర్క్ పట్టణం పక్కన క్యామిలన్‌లో పుట్టాడు. తండ్రి ఇనుప పోతపని చేసే కార్మికుడు. పిల్లవాడికి చిన్నప్పుడే పడి మోకాలికి దెబ్బ తగిలింది. అది మానలేదు. ఎముకకు చీము పట్టింది. పెన్సిలిన్ ఇంకా పుట్టని కాలం. వంటింటి బల్ల మీద పడుకోబెట్టి ఎముక గీకించడం తప్ప వేరే దారి లేదు.

1910 ప్రాంతంలో కుటుంబం బతుకుతెరువు వెతుక్కుంటూ కెనడాలోని విన్నిపెగ్ చేరింది. కొత్త ఊరు, మైనస్ డిగ్రీల చలి, తిరగబెట్టిన కాలు. మంచు రోజుల్లో ఇరుగుపొరుగు వలస కుటుంబాల పిల్లలు, ఇంగ్లిష్ సరిగా రానివాళ్లు, అతణ్ని బండి మీద కూర్చోబెట్టి బడికి లాక్కెళ్లేవారు. తర్వాత ఏ జాతినైనా ఎవరైనా చిన్నచూపు చూస్తే డగ్లస్ ఈ పిల్లల్ని గుర్తు చేసుకునేవాడు.

ఆసుపత్రిలో పేదల వార్డు. డాక్టర్లు చూసి కాలు తీసేయాలని తేల్చారు. స్పెషలిస్టును పెట్టుకునే స్తోమత తల్లిదండ్రులకు లేదు. అప్పుడు స్మిత్ అనే పేరున్న ఎముకల సర్జన్ ఆ వార్డు మీదుగా వెళుతూ ఈ కేసు చూశాడు. తన విద్యార్థులు ఆపరేషన్ చూసి నేర్చుకోడానికి ఒప్పుకుంటే పైసా తీసుకోకుండా ప్రయత్నిస్తానన్నాడు. ఒప్పుకున్నారు. కాలు నిలిచింది.

ఈ కథ కెనడాలో బడిపిల్లలకు కూడా తెలుసు. సాధారణంగా దీన్ని ఓ దయగల డాక్టరు కథగా చెప్పి వదిలేస్తారు. డగ్లస్ అక్కడ ఆగలేదు. ఆ సర్జన్‌కు జీవితాంతం కృతజ్ఞత చెబుతూనే, ఒక ప్రశ్న పట్టుకున్నాడు. ఆ రోజు ఆ డాక్టరు అటువైపు రాకపోయి ఉంటే? పక్క మంచం మీది పిల్లవాడి సంగతేమిటి? తన తండ్రి డబ్బున్నవాడైతే ఆ డాక్టరు మొదటి రోజే వచ్చి ఉండేవాడు కదా? పిల్లవాడి కాలు ఉండాలా పోవాలా అన్నది అదృష్టం మీద ఆధారపడకూడదని అతనికి గట్టిగా అనిపించింది. నా దృష్టిలో డగ్లస్ రాజకీయం మొత్తం ఈ ఒక్క ఆలోచనలోంచే వచ్చింది. దయ మంచిదే, కానీ దయ ఎదురైనవాడికే దక్కుతుంది.

మేడ మీద నుంచి చూసిన తుపాకులు

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కుటుంబం గ్లాస్గో తిరిగివెళ్లింది. పదమూడేళ్ల వయసుకే టామీ కార్క్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. యుద్ధం ముగిశాక మళ్లీ విన్నిపెగ్. అక్కడ 1919లో 30 వేల మంది కార్మికులు పనులు ఆపేసి చేసిన సార్వత్రిక సమ్మె ఊరిని స్తంభింపజేసింది. జూన్ 21న మెయిన్ స్ట్రీట్‌లో గుర్రాల మీద వచ్చిన పోలీసులు గుంపు మీద కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. ఓ భవనం పైకప్పు మీద నుంచి పద్నాలుగేళ్ల డగ్లస్ అది కళ్లారా చూశాడు.

ప్రింటింగ్ ప్రెస్సులో లైనోటైప్ పని నేర్చాడు. బాక్సింగ్‌లో దిగాడు. తీసేయాల్సిన కాలితోనే రింగులో నిలబడి 1922లో మానిటోబా రాష్ట్ర లైట్‌వెయిట్ చాంపియన్ అయ్యాడు. ముక్కు విరిగింది, పళ్లు ఊడాయి. మరుసటి ఏడాది మళ్లీ గెలిచాడు. మనిషి పొట్టి, బక్కపలచన. ఎన్నికల సభల్లో అతని ఎత్తు మీద ఎవరైనా వెక్కిరిస్తే తిరిగి విసిరే చమత్కారం తయారుగా ఉండేది. సభ అంతా నవ్వేది, వెక్కిరించినవాడితో సహా.

బ్రాండన్ కాలేజీలో చదివి బాప్టిస్టు పాస్టరు అయ్యాడు. అక్కడే ఇర్మా డెంప్సీని ప్రేమించి 1930లో పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది సస్కాచెవాన్‌లోని వేబర్న్ అనే చిన్న పట్టణంలో కాల్వరీ బాప్టిస్టు చర్చి పాస్టరుగా చేరాడు. చేరిన వేళ చూడండి. ప్రపంచ ఆర్థిక మాంద్యం, పైగా ఏళ్లకేళ్లు వాన లేదు.

గోధుమ ధర కుప్పకూలింది. పొలాల్లో పైమట్టి దుమ్మై ఆకాశానికి లేచింది, పట్టపగలు దీపాలు పెట్టుకోవాల్సి వచ్చింది. పెట్రోలు కొనలేక రైతులు కార్ల ఇంజిన్లు పీకేసి గుర్రాలు కట్టి లాగించారు. నాటి ప్రధాని పేరు కలిపి వాటిని ‘బెనెట్ బగ్గీ’లనేవారు. పాస్టరు గారి పని ప్రార్థనలు చేయడం ఒక్కటే కాలేదు, బట్టలు, తిండి పోగుచేసి పంచాల్సి వచ్చింది. చావుల దగ్గరకూ ఆయనే వెళ్లాలి. ముప్పైల వయసున్న ఇద్దరు కుర్రాళ్లను వరసగా పాతిపెట్టిన రోజుల గురించి డగ్లస్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. చిన్న చిన్న పిల్లలున్న తండ్రులు వాళ్లు. సకాలంలో డాక్టరు అందితే బతికేవాళ్లే.

1931 సెప్టెంబరులో దగ్గర్లోని ఎస్టెవాన్‌లో సమ్మె చేస్తున్న బొగ్గు గని కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపి ముగ్గుర్ని చంపారు. డగ్లస్ ఆ కార్మికుల కుటుంబాలకు తిండి సామాను మోసుకెళ్లాడు. చర్చి వేదిక మీది నుంచి వాళ్ల తరఫున మాట్లాడాడు.

చెప్పుకోవలసిన మచ్చ

ఇక్కడే ఓ చేదు అధ్యాయం ఉంది. 1933లో డగ్లస్ మాస్టర్స్ డిగ్రీ కోసం రాసిన సిద్ధాంత వ్యాసంలో వేబర్న్‌లోని 12 మంది పేద స్త్రీల కుటుంబాల్ని పరిశీలించి, ‘మందబుద్ధులు’ పిల్లల్ని కనకుండా ఆపరేషన్లు చేయాలని, వేరుగా ఉంచాలని సిఫార్సు చేశాడు. యూజెనిక్స్ అనే ఆ వాదం అప్పుడు ఖండమంతటా చదువుకున్నవాళ్లలో పాకి ఉంది. పక్కనున్న ఆల్బర్టా 1928లోనే, బ్రిటిష్ కొలంబియా 1933లో బలవంతపు శస్త్రచికిత్స చట్టాలు చేశాయి. కాలం అలాంటిదని చెప్పి తప్పించుకోవచ్చు. నేను అలా చెప్పను. వార్డులో పేదపిల్లవాడిగా పడుకున్న మనిషి పేద ఆడవాళ్ల గురించి అలా రాయడం తప్పే.

తర్వాత ఏం చేశాడన్నది కూడా చెప్పాలి. 1936లో ఐరోపా వెళ్లి హిట్లర్ జర్మనీని చూసి వచ్చాడు. ఆ వాదం ఆయన నోట మళ్లీ రాలేదు. 1944లో అధికారం, ఆరోగ్యశాఖ రెండూ చేతికొచ్చాక అలాంటి చట్టం తేవాలన్న సలహాల్ని పక్కన పడేశాడు. ఆల్బర్టాలో ఆ చట్టం 1972 దాకా నడిచింది. సస్కాచెవాన్‌లో ఎన్నడూ రాలేదు.

> ■ ఎలుకల రాజ్యం
>
> డగ్లస్ సభల్లో జనం అడిగి మరీ చెప్పించుకున్న కథ ‘మౌస్‌ల్యాండ్’. ఎలుకల దేశంలో ప్రతి ఎన్నికకూ ఎలుకలు పిల్లుల్నే ఎన్నుకుంటాయి. నల్లపిల్లులు నచ్చకపోతే తెల్లపిల్లుల్ని, అవీ నచ్చకపోతే మళ్లీ నల్లవాటిని. ఓ రోజు ఓ బుల్లి ఎలుకకు మనమే ఎందుకు ఏలకూడదన్న ఆలోచన వస్తుంది. దాన్ని పట్టుకుని జైల్లో వేస్తారు. ఈ కథను మొదట చెప్పింది డగ్లస్ సహచరుడు క్లారీ గిల్లిస్, నోవా స్కోషియా గని కార్మికుడు. ఇంటింటికీ చేర్చింది డగ్లస్. రాజకీయ సిద్ధాంతం పేరెత్తకుండా రెండు పెద్ద పార్టీల మీద ఇంతకన్నా సూటిగా ఎవరూ మాట్లాడలేదంటారు అక్కడి పెద్దలు.

చర్చి వద్దంటే పార్టీ ముద్దు

రైతులు, కార్మికులు, చిన్న సంఘాలు కలిసి 1932లో కో-ఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్ (సి.సి.ఎఫ్.) అనే పార్టీ పెట్టుకున్నారు. డగ్లస్ 1934లో రాష్ట్ర ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. మరుసటి ఏడాది పార్లమెంటుకు నిలబడాలా వద్దా అని ఊగిసలాడుతుంటే చర్చి పెద్దల్లో ఒకరు వచ్చి, పోటీ చేస్తే ఈ దేశంలో నీకు ఇంకే చర్చీ దొరకదని హెచ్చరించారు. ఆ బెదిరింపే ఆయన్ని బరిలోకి దింపింది. గెలిచాడు. తొమ్మిదేళ్లు ఒట్టావాలో ఎంపీగా ఉన్నాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పేరిచ్చాడు. విన్నిపెగ్ గ్రెనేడియర్స్ దళంతో హాంకాంగ్ వెళ్లాల్సి ఉండగా వైద్య పరీక్షలో పాత కాలు బయటపడింది, ఆపేశారు. 1941 డిసెంబరులో హాంకాంగ్ జపాన్ వశమైంది. అక్కడికి వెళ్లిన దాదాపు 2,000 మంది కెనడా సైనికుల్లో 550 మందికి పైగా తిరిగిరాలేదు.

1944 జూన్ 15న సస్కాచెవాన్ ఎన్నికల్లో సి.సి.ఎఫ్. 47 స్థానాలు గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. సోషలిస్టులమని చెప్పుకున్న పార్టీ ఉత్తర అమెరికాలో ప్రభుత్వం పెట్టడం అదే మొదలు. 39 ఏళ్ల డగ్లస్ ప్రీమియర్ అయ్యాడు. ఆరోగ్యశాఖ మరొకరికి ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు.

ముందు అప్పు, తర్వాత ఆసుపత్రి

ఆ రాష్ట్రాన్ని ఓసారి ఊహించుకోండి. వైశాల్యం ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానికి సగం కావు. జనం పది లక్షలకు లోపే. దుమ్ము తుపాన్ల కాలంలో మోసిన అప్పులు. రోడ్లు అంతంతమాత్రం, పొలాల్లోని ఇళ్లకు కరెంటు లేదు. అలాంటి చోట మొదటి రోజే అందరికీ ఉచిత వైద్యం ప్రకటిస్తే చప్పట్లు మోగేవి, ఆరు నెలల్లో ఖజానా ఖాళీ అయ్యేది. డగ్లస్ ఆ పని చేయలేదు. వైద్యం హామీ ఇచ్చిన 1944కీ, డాక్టరు ఫీజు పోయిన 1962కీ మధ్య 18 ఏళ్లున్నాయి. ఆ ఓర్పు గురించి తక్కువ మాట్లాడుకుంటారు. ఆయన గొప్పతనంలో సగం అక్కడే ఉందని నేననుకుంటాను.

ఖజానా మంత్రి క్లారెన్స్ ఫైన్స్ వరసగా మిగులు బడ్జెట్లు పెడుతూ అప్పు కరిగించాడు. బ్యాంకులకు వడ్డీ కట్టే రాష్ట్రం సొంత నిర్ణయాలు తీసుకోలేదన్నది డగ్లస్ నమ్మకం. ప్రభుత్వ వాహన బీమా సంస్థ వచ్చింది. పల్లెలకు కరెంటు తీగలు లాగారు. ఓటు వయసు 18కి దించారు. 1947లో, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన కన్నా ముందే, కెనడాలో మొదటి హక్కుల చట్టం చేశారు. మతం, జాతి పేరుతో ఉద్యోగం, ఇల్లు నిరాకరించడం దాంతో నేరమైంది. అన్నీ నెగ్గలేదు. ప్రభుత్వం పెట్టిన చెప్పుల ఫ్యాక్టరీ, తోళ్ల కర్మాగారం, ఉన్ని మిల్లు నష్టాలపాలై మూతపడ్డాయి. వాటిని లాగి లాగి నడపకుండా ఆపేశారు.

వైద్యం మెట్టు మెట్టుగా వచ్చింది. మొదట వృద్ధాప్య పింఛనుదార్లు, వితంతువులు, వాళ్ల పిల్లలకు ఉచితం. తర్వాత క్యాన్సర్ చికిత్స. 1946లో విమాన అంబులెన్స్. మంచులో దారులు మూసుకుపోయిన పొలంలో నొప్పులు పడుతున్న గర్భిణి కోసం చిన్న విమానం వచ్చి దిగేది. అదే ఏడాది స్విఫ్ట్ కరెంట్ ప్రాంతంలో దాదాపు 50 వేల మంది తమ మీద తామే పన్ను వేసుకుని అందరికీ డాక్టరు సేవలు అందించే ప్రయోగం చేశారు. అది నిలబడింది. రాష్ట్రమంతటికీ అదే నమూనా అయింది.

1947 జనవరి 1న ఆసుపత్రి బీమా మొదలైంది. మనిషికి ఏడాదికి 5 డాలర్లు, కుటుంబం ఎంత పెద్దదైనా 30 డాలర్లు దాటదు. చేరినవాళ్లకు ఆసుపత్రి బిల్లు ఉండదు. ఖండంలో ఇదీ మొదటిదే. పదేళ్ల తర్వాత కేంద్ర ప్రభుత్వం ఇదే పద్ధతి దేశానికంతటికీ చట్టం చేసి ఖర్చులో సగం భరించడానికి ముందుకొచ్చింది. 1958 నుంచి కేంద్రం డబ్బు రావడంతో సస్కాచెవాన్ చేతిలో సొమ్ము మిగిలింది. డగ్లస్ ఎదురుచూసిన ఘడియ అదే.

‘పేదలకు మాత్రమే’ అనలేదు

1959 డిసెంబరులో రేడియోలో మాట్లాడుతూ ఆయన పథకాన్ని ప్రకటించాడు. ముందుగానే చెల్లింపు, అందరికీ వర్తింపు, నాణ్యత, ప్రభుత్వ బాధ్యత, డాక్టర్లకూ రోగులకూ సమ్మతం. ఈ అయిదు సూత్రాల మీద నిలబెడతామన్నాడు.

డాక్టర్ల సంఘం మండిపడింది. సభ్యుల దగ్గర చందాలు వసూలు చేసి 1960 ఎన్నికల్లో ప్రచారానికి దిగింది. ఉన్న డాక్టర్లు వెళ్లిపోతారనీ, వాళ్ల స్థానంలో పరాయి దేశాల నాసిరకం డాక్టర్లు వస్తారనీ, రోగి రహస్యాలు గుమస్తాల చేతుల్లో పడతాయనీ భయపెట్టారు. ఓటర్లు మళ్లీ డగ్లస్‌నే గెలిపించారు.

డాక్టర్ల సంఘం అప్పుడు మధ్యేమార్గం చూపింది. ఫీజు కట్టలేని పేదలకు ప్రభుత్వం బీమా కొనిపెట్టాలి, మిగిలినవాళ్లు ప్రైవేటుగా చూసుకుంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. డగ్లస్ ససేమిరా అన్నాడు. నేను పేదవాణ్నని కాగితం చూపించి వైద్యం అడుక్కోవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. తన తల్లి ఆ వార్డులో నిలబడ్డప్పుడు చూశాడు. అంతకన్నా లోతైన కారణం ఇంకోటి ఉంది. పేదలకు మాత్రమే అని పెట్టిన ఆసుపత్రి పాడైతే దాని కోసం గట్టిగా అడిగేవాడెవడూ ఉండడు. ప్లీడరు, టీచరు, షావుకారు, మంత్రి అందరూ అదే క్యూలో నిలబడితేనే ఆ క్యూ బాగుపడుతుంది.

మన దగ్గర 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ తెచ్చింది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే గతి తప్పించిన పథకం. ఇన్ని ప్రభుత్వాలు మారినా దాన్ని తీసేసే ధైర్యం ఎవరూ చేయలేదంటే అది ఎంతమందికి ఆసరా అయిందో తెలుస్తుంది. రెండింటి దారులు మాత్రం వేరు. ఆరోగ్యశ్రీ కార్డు చూసి, జాబితాలో ఉన్న చికిత్సలకు వర్తించే దారి పట్టింది. జ్వరమొస్తే డాక్టరుకిచ్చే ఫీజు, పరీక్షల ఖర్చు ఇంటిమీదే పడతాయి. డగ్లస్ కార్డు అడగకుండా, జలుబు నుంచి శస్త్రచికిత్స దాకా, మనిషైతే చాలన్నాడు.

23 రోజులు

1961లో సి.సి.ఎఫ్., కార్మిక సంఘాలు కలిసి న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్.డి.పి.) ఏర్పడింది. దేశస్థాయి నాయకత్వం డగ్లస్‌కు అప్పగించారు. నవంబరులో ఆయన ప్రీమియర్ పదవి వదిలాడు. వైద్య బీమా చట్టం ఆ నెలలోనే నెగ్గింది. అమలు భారం ఉడ్రో లాయిడ్ మీద పడింది.

లాయిడ్ బడిపంతులు. పదహారేళ్లు విద్యామంత్రి. డగ్లస్‌లా సభల్ని ఊపేయగల మాటకారి కాదు. ఆయన దిష్టిబొమ్మలు ఉరితీశారు, గోడల మీద ద్వేషపు రాతలు రాశారు. ‘మా డాక్టర్లు మాకుండాలి’ అంటూ కమిటీలు ఊళ్లలో వెలిశాయి. తల్లులు వాటిలో ముందున్నారు. వాళ్ల భయం నిజమైనదే. రాత్రికి బిడ్డకు జ్వరమొస్తే ఎవరున్నారు? జులై 11న రెజైనా శాసనసభ ముందు పెద్ద ప్రదర్శనకు పిలుపిచ్చారు. పదుల వేలలో జనం వస్తారనుకున్నారు. అయిదు వేలు కూడా రాలేదు. సమ్మె ఆ రోజే మెత్తబడింది.

బ్రిటన్ నుంచి లార్డ్ టేలర్ అనే డాక్టరు వచ్చి రాజీ కుదిర్చాడు. ఒకే గదిలో కూర్చుంటే కొట్టుకునే ఇద్దరి మధ్య సస్కటూన్‌లో అటూ ఇటూ తిరుగుతూ కాగితాలు మోశాడు. జులై 23న సంతకాలయ్యాయి. డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగులు కారు, ఎప్పటిలాగే సొంతంగా క్లినిక్ నడుపుకుంటారు. చూసిన ప్రతి రోగికీ లెక్కగట్టి బిల్లు ప్రభుత్వానికి పంపుతారు. రోగి జేబు దాకా బిల్లు రాదు. నేటికీ కెనడాలో మూల పద్ధతి ఇదే.

రెండేళ్లు తిరక్కుండానే లాయిడ్ ఎన్నికల్లో ఓడిపోయాడు. గెలిచిన లిబరల్ నాయకుడు రాస్ థాచర్ పథకాన్ని రద్దు చేయలేదు, చేయలేకపోయాడు. సమ్మె చేసిన డాక్టర్లకు అప్పటికి రుసుములు ఎగవేత లేకుండా ఠంచనుగా అందుతున్నాయి. డగ్లస్ పేరు అందరికీ తెలుసు. లాయిడ్ పేరు తెలిసినవాళ్లు కెనడాలోనే తక్కువ. ఆ 23 రోజులు వెన్ను చూపనిది మాత్రం ఆయనే.

> ■ దేశమంతా ఎలా పాకింది?
>
> 1961–64: కన్సర్వేటివ్ ప్రధాని డీఫెన్‌బేకర్ నియమించిన న్యాయమూర్తి ఎమ్మెట్ హాల్ కమిషన్, సస్కాచెవాన్ పద్ధతే దేశానికి మంచిదని తేల్చింది.
>
> 1966: లిబరల్ ప్రధాని పియర్సన్ మైనారిటీ ప్రభుత్వం జాతీయ వైద్య బీమా చట్టం చేసింది. 1968 జులై 1 నుంచి అమలు.
>
> 1972: అన్ని రాష్ట్రాలూ, ప్రాంతాలూ చేరాయి.
>
> 1984: కెనడా హెల్త్ యాక్ట్. డాక్టర్లు అదనపు ఫీజు వసూలు చేయనిచ్చిన రాష్ట్రానికి కేంద్ర నిధుల్లో కోత.

గెలవని నాయకుడు

ఒట్టావాలో డగ్లస్ ఎన్నడూ అధికారం దరిదాపులకు రాలేదు. బ్రిటిష్ కొలంబియాలో ఉప ఎన్నికలో గెలిచి పార్లమెంటుకు వచ్చాడు, 1968లో ఓడాడు, మళ్లీ వేరే చోట గెలిచాడు. అయినా ఆయన పార్టీ ఒత్తిడి లేకుండా పియర్సన్ మైనారిటీ ప్రభుత్వం వైద్య బీమా జోలికి అంత త్వరగా వెళ్లేదా అంటే అనుమానమే.

1970 అక్టోబరులో క్యుబెక్ తీవ్రవాదులు ఇద్దరు ప్రముఖుల్ని కిడ్నాప్ చేసినప్పుడు ప్రధాని పియర్ ట్రూడో యుద్ధకాలపు అత్యవసర చట్టాన్ని ప్రయోగించాడు. వారెంటు లేకుండా వందల మందిని నిర్బంధించారు. దేశం దేశమంతా ట్రూడో వెంట ఉంది. డగ్లస్, ఆయన పార్టీ ఎంపీల్లో ఎక్కువమంది వ్యతిరేకంగా ఓటేశారు. ఆ పూట తిట్లు తిన్నారు. ఏళ్లు గడిచాక, అప్పుడు చట్టాన్ని సమర్థించిన వాళ్లలో కొందరే డగ్లస్ మాట సరైనదని ఒప్పుకున్నారు.

ఈ మనిషిని దశాబ్దాల పాటు పోలీసు నిఘా విభాగం వెంటాడింది. ఆయన ప్రసంగాలు, కలిసిన మనుషులు అన్నీ రాసుకున్న ఫైలు 1,100 పేజీలకు పైమాటే. ఆ కాగితాలు బయటపెట్టాలని ఓ విలేకరి ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాల్సి వచ్చింది.

1986 ఫిబ్రవరి 24న, 81 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో ఒట్టావాలో కన్నుమూశాడు. కూతురు షర్లీ డగ్లస్ పేరున్న నటి, ప్రజావైద్యం కోసం చివరిదాకా గొంతెత్తిన మనిషి. హాలీవుడ్ సీరియల్ ‘24’ చూసినవాళ్లకు తెలిసిన కీఫర్ సదర్లాండ్ ఆయన మనవడే.

> ■ కెనడాలో మనవాళ్లకు
>
> వైద్య బీమా రాష్ట్రాల చేతిలో ఉంది, కనుక నియమాలు రాష్ట్రానికో రకం. సస్కాచెవాన్‌లో చదువుకునే విదేశీ విద్యార్థులకు రాష్ట్ర హెల్త్ కార్డు దొరుకుతుంది, ఆంటారియోలో దొరకదు, యూనివర్సిటీ ద్వారా వేరే బీమా తీసుకోవాలి. బ్రిటిష్ కొలంబియాలో కొత్తగా దిగినవాళ్లకు చేరిన నెల పోను మరో రెండు నెలలు ఆగాక గానీ కార్డు అమల్లోకి రాదు. పిల్లల దగ్గరకు సూపర్ వీసా మీద వెళ్లే అమ్మానాన్నలకు రాష్ట్ర పథకం వర్తించదు, కనీసం లక్ష డాలర్ల ప్రైవేటు బీమా ఉండాలి. కార్డున్నా బయట కొనే మందులు, పంటి చికిత్స, కళ్లద్దాలు చాలామందికి సొంత ఖర్చే.

రెండో మెట్టు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావాలి. టొరంటోలోనో కాల్గరీలోనో ఉన్న కొడుకు ఫోన్ చేసి, పాపకు చెవినొప్పి అయితే ఎమర్జెన్సీలో ఏడు గంటలు కూర్చున్నామని చెబితే, ఇక్కడ నిమిషాల్లో డాక్టరు దొరికే మన పట్టణాల తల్లిదండ్రులకు అదేం ఉచితమో అర్థం కాదు. వాళ్ల విసుగు న్యాయమైనదే. ఫ్యామిలీ డాక్టరు లేని పెద్దలు కెనడాలో 50 లక్షలకు పైనే ఉన్నారు. మోకాలి మార్పిడికి నెలలు ఆగాలి. డబ్బిచ్చేవాళ్లకు పక్కదారి తెరిస్తే రద్దీ తగ్గుతుందన్న వాదన అందుకే బలపడుతోంది. ఆ దారిలో డాక్టర్లు కొత్తగా పుట్టరు, ఈ క్యూలోంచి ఆ క్యూలోకి వెళతారు. డగ్లస్ 1960లో కాదన్న మధ్యేమార్గమే మరో రూపంలో తలుపు తడుతోంది.

ఆయన పార్టీ ఇప్పుడు బలహీనంగా ఉంది. 2025 ఏప్రిల్ ఎన్నికల్లో ఎన్.డి.పి.కి దక్కినవి 7 స్థానాలు, పార్లమెంటులో గుర్తింపు పొందిన పార్టీ హోదాకు 12 కావాలి. సొంత గడ్డ సస్కాచెవాన్‌లో 2007 నుంచి ప్రతిపక్షంలోనే ఉంది. అయినా పోయిన పార్లమెంటులో లిబరల్ మైనారిటీ ప్రభుత్వానికి మద్దతిచ్చి పంటి వైద్య పథకం, మందుల బీమాకు తొలి చట్టం తెప్పించుకుంది. డగ్లస్ 1960లలో వాడిన తాళంచెవే మళ్లీ వాడింది.

నిరీక్షణ సమస్యను డగ్లస్ ఊహించలేదని అనుకునేవాళ్లు ఆయన చివరి ఏళ్ల ప్రసంగాలు వినాలి. రోగికీ డాక్టరుకూ మధ్య డబ్బు అడ్డు తీసేయడం మొదటి మెట్టు మాత్రమేననీ, వైద్యం అందించే పద్ధతినే మార్చడం రెండో మెట్టనీ, కష్టమైనది అదేననీ ఆయన పదే పదే చెప్పాడు. జబ్బు పడ్డాక చూడటం కాకుండా పడకుండా చూసే వైద్యం కావాలన్నాడు. ఒక్కో డాక్టరు ఒక్కో గదిలో ఒక్కో రోగికి బిల్లు రాసుకునే పద్ధతి బదులు డాక్టర్లు, నర్సులు, మిగతా సిబ్బంది ఒక జట్టుగా పనిచేయాలన్నాడు. 1962 రాజీలో డాక్టర్లకు ఇచ్చిన మాట వల్ల ఆ మెట్టు ఎక్కడానికి కాళ్లు కట్టేసినట్టయింది. సమ్మె ఆగాలంటే అప్పుడు వేరే గతి లేదు. ఆ వెల ఇప్పటికీ కడుతున్నారు.

రెండో మెట్టు ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం సస్కటూన్ వెళ్లొచ్చు. సమ్మె మొదలైన మూడో రోజున, ఊళ్లో క్లినిక్కులన్నీ మూసి ఉన్నప్పుడు, ఇద్దరు మహిళా డాక్టర్లతో జనం చందాలేసుకుని ఓ సహకార క్లినిక్ తెరిచారు. తోటి డాక్టర్లు వాళ్లను వెలివేసినంత పని చేశారు. ఆ క్లినిక్ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ డాక్టరు, నర్సు, సలహాదారులు కలిసి ఒక రోగిని చూస్తారు. ఫ్యామిలీ డాక్టర్ల కొరతతో సతమతమవుతున్న రాష్ట్రాలు ఇప్పుడు కొత్త పరిష్కారమని పెడుతున్న ‘బృంద వైద్య కేంద్రాలు’ చేసేదీ అదే పని.